గద్వాల అంటే చీర ఒక్కటేనా?

పోయిన సెమిస్టర్‌లో హైడ్రాలిక్స్ క్లాసు జరుగుతోంది. సార్ సైఫన్ స్పిల్‌వే గురించి చెప్తూ మధ్యలో ఆగి, "దీనికి మన రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది, ఎవరైనా చూశారా?" అని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయనే చెప్పారు, "వనపర్తి దగ్గర సరళాసాగర్" అని.

నాది గద్వాల జిల్లా. మా దగ్గర కృష్ణ దాటితే అవతల వనపర్తి జిల్లానే. చిన్నప్పటి నుంచి ఆ పేరు వింటూనే ఉన్నా, అక్కడ ఆసియాలోనే మొదటిదని చెప్పుకొనే ఆటోమేటిక్ సైఫన్ వ్యవస్థ ఉందని మాత్రం నాకు తెలీదు. సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ, సొంత ఇలాకాలో ఉన్న దాన్ని హైదరాబాద్‌లో తెలుసుకోవాల్సి వచ్చింది. సిగ్గనిపించింది.

హాస్టల్లో ఎవరికి మా ఊరి పేరు చెప్పినా ఒకటే మాట: "గద్వాలనా? ఈసారి వచ్చేటప్పుడు మా అమ్మకో చీర తీసుకురారా!" నేనూ నవ్వి సరే అంటా. అంతకంటే ఏం చెప్పాలో నాకే తెలీలేదు. అందుకే సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు చదివింది, చూసింది, మా తాతనూ అవ్వనూ అడిగి తెలుసుకుంది కలిపి ఈ వ్యాసం రాస్తున్నా. పాఠంలా అనిపిస్తే క్షమించండి. ఇది ముందు నేను నేర్చుకున్న పాఠం.

నడిగడ్డ అంటే ఏంది?

2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఒకే రోజు పుట్టాయి. అంతకుముందు మేమంతా పాలమూరోళ్లమే. కానీ మా ప్రాంతానికి జిల్లా కంటే చాలా పాత పేరు ఇంకోటి ఉంది. అదే నడిగడ్డ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు నదుల నడుమ ఉన్న గడ్డ కాబట్టి నడిగడ్డ.

మీరు హైదరాబాద్ నుంచి కర్నూలుకు 44వ నంబర్ హైవే మీద ఎప్పుడైనా పోయుంటే, పెబ్బేరు దాటినాక బీచుపల్లి దగ్గర ఒక పెద్ద వంతెన వస్తుంది. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉంటుంది. అక్కడ కృష్ణ దాటి మీరు నడిగడ్డలోకి వస్తారు. మళ్లీ కర్నూలు ముందర తుంగభద్ర వంతెన ఎక్కితే నడిగడ్డ అయిపోతుంది. చాలామంది ఈ ముక్కను బస్సులో నిద్రపోతూ దాటేస్తారు. గద్వాలకు రావాలంటే మధ్యలో ఎర్రవల్లి చౌరస్తాలో దిగాలి.

మా మాట కూడా ఈ నడిమి గడ్డ లాంటిదే. పాలమూరు యాస ఉంటుంది, కర్నూలు యాస కలుస్తుంది, ఐజ దిక్కు పోతే కన్నడం వినపడుతుంది. "పోయినాను" అనం, "పోతిని" అంటాం. పొద్దున టిఫిన్ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. రాత్రికి జొన్నరొట్టె. ఫస్టియర్లో నా మాట విని కొందరు "నువ్వు ఆంధ్రానా?" అన్నారు, ఇంకొందరు "కర్ణాటకనా?" అన్నారు. తెలంగాణే అంటే ఒకడైతే నమ్మలేదు.

ఆలంపురం: రాళ్లు దాటిన ఏరు

నడిగడ్డలో అన్నిటికంటే పాత చరిత్ర ఆలంపురానిది. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడ ఉన్నాయి. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ. పేర్లన్నీ బ్రహ్మవే, లోపల ఉన్నది మాత్రం శివుడు. శిఖరాలు చాలావరకు మనకు అలవాటైన దక్షిణాది గోపురాల్లా మెట్లుమెట్లుగా ఉండవు. ఉత్తరాది గుళ్లలా వంపు తిరిగి పైకి లేస్తాయి. దక్షిణాదిలో నాగర శైలిని ఇంత బాగా చూడగలిగే చోట్లు చాలా తక్కువ.

పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ ఇక్కడే ఉంది. అమ్మవారి పాత గుడి మధ్యయుగంలో ధ్వంసమైంది. విగ్రహాన్ని వందల ఏళ్లు బాలబ్రహ్మ ఆలయంలోనే ఉంచి పూజించారు. ఇప్పుడున్న కొత్త గుడిని 2005లో కట్టారు. మా జిల్లా పేరులో ముందున్నది ఆ తల్లి పేరే.

ఆలంపురంలో ప్రతి ఒక్కరూ చెప్పే కథ ఇంకోటి ఉంది. గుళ్లకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు అవతలి ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట. ఆ చోటు కందెనవోలు అయింది, అదే కర్నూలు అయిందని అంటారు. ఇది చరిత్ర అని గట్టిగా చెప్పలేను గానీ, నాకు నచ్చింది. ఒక పెద్ద ఊరి పేరు రాజు మీద రాలేదు, దేవుడి మీద రాలేదు. బండి తోలేవాళ్ల చేతికంటిన జిడ్డు మీద వచ్చింది.

మట్టికోట, విద్వద్గద్వాల

నిజాం రాజ్యంలో మా దిక్కు సంస్థానాలు చాలా ఉండేవి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా అమరచింత, గోపాలపేట. నిజాంకు పేష్కష్ కట్టేవారు, లోపల సొంత పరిపాలన, సొంత కొలువు. హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో కలిసినాక ఇవన్నీ ముగిసిపోయాయి.

గద్వాల కోట కట్టించింది సోమభూపాలుడు. జనం నోట్లో సోమనాద్రి. ఆయన మీద జానపద గాథలు ఇప్పటికీ పాడతారు. కోట అనగానే గోల్కొండలా రాతిగోడలు ఊహించుకోకండి. మాది మట్టికోట. మందమైన మట్టిగోడలు, లోపల చెన్నకేశవస్వామి గుడి. సంస్థానాన్ని ఏలిన చివరి రాణి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆమె పేరు మీదున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఈ కోటలోనే నడుస్తోంది. మా మేనమామ అక్కడే డిగ్రీ చదివాడు. "కోటలో చదివినోణ్ని రా నేను" అని ఇప్పటికీ గొప్పలు పోతాడు.

మన క్లబ్ వాళ్లకు నచ్చే విషయం ఇది. గద్వాలకు "విద్వద్గద్వాల" అని పేరు. కార్తీక, మాఘ మాసాల్లో సంస్థానంలో పండిత సభలు జరిగేవి. ఎక్కడెక్కడి నుంచో కవులు వచ్చి అవధానాలు చేసి, సన్మానాలు అందుకుని పోయేవారు. తిరుపతి వెంకట కవులు కూడా ఈ సంస్థానాలు తిరిగినవాళ్లే. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలైతే తానే "చంద్రికా పరిణయం" అనే ప్రబంధం రాశాడు.

ఇంత ఉన్నా, ఒకప్పుడు తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చింది. దానికి జవాబిచ్చింది మా నడిగడ్డ మనిషే. సురవరం ప్రతాపరెడ్డి 1896లో బోరవెల్లిలో పుట్టారు, సొంతూరు ఇటిక్యాలపాడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆ మాట విని ఆయన వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరా ఉన్న కవుల పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో "గోలకొండ కవుల సంచిక" వేశారు. లేరన్నవాళ్ల ముందు లిస్టు పెట్టారన్నమాట! 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచి, మరుసటి ఏడే చనిపోయారు. ఆయన రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగుకు వచ్చిన మొదటి అకాడమీ అవార్డు అదే.

ఆ పుస్తకం మన లైబ్రరీలో ఉంది, తప్పకుండా తిరగేయండి. అందులో ఏ రాజు ఎవరిమీద యుద్ధం చేశాడన్నది ముఖ్యం కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు, ఇవే చరిత్ర. అది చదివినాక, కోట కథ చెప్పి ఆపేస్తే మా ఊరి గురించి సగమే చెప్పినట్టనిపించింది. మిగతా సగం చెప్తా.

చీర సంగతి

సరే, చీర. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. అందుకే వేసవిలో కట్టుకున్నా ఉక్కపోయదు, పెళ్లికి కట్టుకున్నా తక్కువనిపించదు. ఒకే చీరలో రెండు రకాల దారం ఎట్లా కలుస్తుంది? నేస్తున్న ఇంటికి పోయి చూస్తే గానీ నాకర్థం కాలేదు. మామూలు చీరకు ఒక నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. దీనికి మూడు నాడెలు కావాలి. రెండు అంచులకు రెండు, నడుమ ఒళ్లుకు ఒకటి. నూలు దారం, పట్టు దారం కలిసే గీత దగ్గర ప్రతి వరుసలోనూ ఒకదాన్నొకటి మెలిపెట్టాలి. ఇక కొంగు వచ్చే చోట నూలు పడుగు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. ఒకటి రెండు కాదు, వేల పోగులు.

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు పోతాయి. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం. నేసేవాళ్లు నియమంగా దీక్షలో ఉండి నేస్తారు.

నేను పోయిన ఇంట్లో మగ్గం మీదున్న ఆయన నాతో మాట్లాడుతూనే పోగులు అతుకుతున్నాడు. కళ్లు ఎత్తలేదు. "మీ పిల్లలు నేర్చుకుంటున్నారా అన్నా?" అని అడిగితే, "వాడు మీ లెక్కనే ఇంజినీరింగు" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

వనపర్తి: ప్యాలెస్‌లో పాలిటెక్నిక్

ఇప్పుడు మళ్లీ మన సబ్జెక్టుకు వద్దాం. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో ఈ రోజు కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. దర్బారు చేసిన చోట డిప్లొమా పిల్లలు డ్రాఫ్టర్లు పట్టుకుని తిరుగుతుంటారు. సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తర్వాత మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు, ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తక ప్రచురణ సంస్థనూ నడిపారు.

సరళాసాగర్ ఆయన తన తల్లి సరళాదేవి పేరు మీద తలపెట్టిందే. 1949లో పని మొదలై 1959లో పూర్తయింది. మామూలు ప్రాజెక్టులో వరద వస్తే మనిషి గేటు ఎత్తాలి. ఇక్కడ గేట్లు లేవు. నీళ్లు పూర్తి మట్టానికి చేరగానే సైఫన్ గొట్టాల్లోని గాలి బయటికి పోయి, నీళ్లు నిండి, వాటంతటవే అవతలికి దూకుతాయి. మట్టం దిగి గాలి లోపలికి చొరబడగానే అవే ఆగిపోతాయి. కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ అక్కర్లేదు, అర్ధరాత్రి వరద వచ్చినా ఎవరినీ లేపక్కర్లేదు. పరీక్షలో మనం గీసే సైఫన్ బొమ్మ ఇదే.

2019 డిసెంబర్ 31న దాని మట్టికట్టకు గండి పడింది. నిండు నీళ్లన్నీ పోయాయి. తర్వాత మళ్లీ కట్టారు. స్పిల్‌వే ఎంత తెలివైనదైనా కట్టను చూసుకునే మనిషి కావాలని దీన్నిబట్టి నాకర్థమైంది. ఆటోమేటిక్ అన్న మాట మనల్ని కొంచెం బద్ధకస్తుల్ని చేస్తుందేమో.

కొల్లాపూర్: నీళ్ల కింద ఊళ్లు

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక దిక్కు నల్లమల అడవి, చెంచు పెంటలు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇంకో దిక్కు కొల్లాపూర్, సోమశిల, ఎటు చూసినా కృష్ణ. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. ఆ నీళ్లు శ్రీశైలం డ్యాం వెనుక నీళ్లు.

డ్యాం నిండినప్పుడు ఇటు పాలమూరులో, అటు కర్నూలులో కలిపి 100 దాకా ఊళ్లు మునిగిపోయాయి. గుళ్లను మాత్రం కాపాడారు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, ఆలంపురం తెచ్చి, మళ్లీ అట్లాగే పేర్చారు. పాపనాశి గుళ్లను, జటప్రోలు, సోమశిల గుళ్లను కూడా ఎత్తు ప్రాంతాలకు మార్చారు. ఇంజినీరింగ్‌గా చూస్తే గొప్ప పని, ఆ గుడి ముందు నిలబడితే అది ఒకప్పుడు వేరే చోట ఉందంటే నమ్మలేం.

మా అవ్వ పుట్టినూరు జటప్రోలు దిక్కు కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు లేదు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మొండిగోడలు బయటపడతాయి. అవ్వ ఒకసారి మా నాయనతో పోయి చూసి, "ఇది మా వంటిల్లు, ఇది మా గాడిపాడు" అని చూపించిందట. ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగం అని 98 జీవో వచ్చింది. కొల్లాపూర్‌లో ఆ నంబరు తెలియని ఇల్లుండదు. దాని కోసం తిరిగి తిరిగి ముసలోళ్లైపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ వ్యాసం రాయడానికి కారణమైన మాట ఒకటుంది. మా తాత వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని మట్టిపనికి పోయేవాడని తెలుసు గానీ, ఎక్కడికో నేనెప్పుడూ అడగలేదు. ఈసారి అడిగా.

"యాడ చేస్తుంటివి తాతా?"

"శానా కాడ చేస్తిమి. శ్రీశైలం కాడ మూడేండ్లు."

"ఏం పని?"

"ఏం పని ఉంటాది. మట్టి మోస్తిమి, రాయి మోస్తిమి."

పక్కనే కూర్చున్న అవ్వ ఉల్లిగడ్డ తరుగుతూ, "ఈయన మోసిన మట్టికే మా ఊరు మునిగె" అంది. నవ్వుతూనే అంది. తాత ఏమీ అనలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండు నదులుండి నీళ్లు లేని గడ్డ

రెండు నదుల మధ్యలో ఉండి కూలికి ఎందుకు పోవాల్సి వచ్చింది? మీలాగే నాకూ ఈ ప్రశ్న వచ్చింది. నదులు లోతుగా పారతాయి, పొలాలు ఎత్తున ఉంటాయి. ఎత్తిపోస్తేనో, పైన ఎక్కడో అడ్డంగా కట్టి కాలువ తెస్తేనో తప్ప నీళ్లు రావు.

తుంగభద్ర మీద రాజోలిబండ దగ్గర ఆనకట్ట కట్టారు. ఆ ఆనకట్ట ఉన్నది కర్ణాటకలో. కాలువ మొత్తం పొడవు 143 కిలోమీటర్లు, అందులో మొదటి 40 కిలోమీటర్ల పైన అక్కడే పారుతుంది. మా వైపు 87,500 ఎకరాలు తడపాలని లెక్క. కాగితం మీది లెక్క అది. చివరన ఉన్న ఆలంపురం దిక్కు పొలాలకు నీళ్లు అందక ఏళ్ల తరబడి గొడవలు జరిగాయి. కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగితే, పూర్తవడానికి 1990ల మధ్య దాకా పట్టింది. నెట్టెంపాడు, తుమ్మిళ్ల ఎత్తిపోతలు ఆ తర్వాతవి. ఆలోపు ఒక తరమంతా పార, తట్ట పట్టుకుని వేరేవాళ్ల కాలువలు తవ్వడానికి పోయింది. "పాలమూరు లేబర్" అన్న పేరు దేశమంతా అట్లా తెలిసింది.

నీళ్లు రాకపోవడం ఒక బాధైతే, ఒక్కసారే రావడం ఇంకో బాధ. 2009 అక్టోబర్ వరదల్లో తుంగభద్ర ఆలంపురాన్ని, రాజోలిని ముంచేసింది. రాజోలి నేతగాళ్ల ఊరు. మగ్గం గుంతల్లోకి బురద చేరింది.

నీళ్లొచ్చిన పొలాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది సీడ్ పత్తి. దేశంలో పత్తి విత్తనాలు తయారయ్యే ముఖ్యమైన చోట్లలో మా నడిగడ్డ ఒకటి. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గలోని పుప్పొడి భాగాన్ని గోటితో తీసేయాలి. పొద్దున్నే మగ చెట్టు పువ్వు తెచ్చి అద్దాలి. ఒక్కో పువ్వుకూ చేత్తోనే. క్రాసింగ్ అంటారు. ఆ సీజన్‌లో మా బడి బెంచీలు ఖాళీగా ఉండేవి. ఏడో తరగతిలో నేనూ కొన్ని వారాలు పోయా. చిన్న వేళ్లైతే మొగ్గ చెడదని పెద్దోళ్లు అనేవారు. నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే మా నాయన సారుకు నిజం చెప్పలేక జ్వరమని చెప్పాడు. మరుసటి ఏడు నన్ను పంపలేదు. నా పక్క బెంచీ వాడు మాత్రం మళ్లీ బడికి రాలేదు.

చివరిగా

వ్యాసం మొదలుపెట్టినప్పుడు గుళ్లు, కోట, చీర, ప్రాజెక్టు అని నాలుగు హెడ్డింగులు రాసుకున్నా. రాసుకుంటూ పోతే అన్నిటి వెనకా ఒకే రకం మనుషులు కనపడ్డారు. బండికి కందెన పూసినవాళ్లు, కోటకు మట్టి తొక్కినవాళ్లు, వేల పోగులు అతికినవాళ్లు, తట్ట మోసినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. సురవరం వారు 354 మంది కవుల పేర్లు ఒక చోట చేర్చారు. మన ఊళ్లలో ఇంకా బతికున్న ఈ పనివాళ్ల మాటలు చేర్చడం మన వల్ల కాదా?

నేను చిన్నగా మొదలుపెట్టా. తాత ఏయే డ్యాముల దగ్గర ఎన్నేళ్లు చేశాడో ఫోన్లో రికార్డు చేసుకున్నా. ఇప్పటికి రెండు గంటలైంది, ఇంకా అయిపోలేదు. సైఫన్ గురించి చెప్పా కూడా. గేటు లేకుండా నీళ్లు ఎట్లా పోతాయో పేపరు మీద గీసి చూపిస్తే, శ్రద్ధగా చూసి, "బాగుంది గానీ, కట్ట మీద చెట్టు మొలవనియ్యొద్దు రా, వేరు పోయిన దారిన నీళ్లు పోతాయి" అన్నాడు. మట్టికట్టల గురించి మన పుస్తకంలో ఉన్న మాటే అది. ఆయన పుస్తకం చదవలేదు.

మీ ఊరి గురించి కూడా ఎవరో ఒకరు ఒకే ఒక్క మాట అంటూనే ఉంటారు. బిర్యానీ అనో, మిర్చి అనో, ఫ్యాక్షన్ అనో. వచ్చే సంచికకు ఆ మాట దగ్గర ఆగకుండా మీరూ రాయండి. సెలవులకు పోయినప్పుడు మీ తాతనో అవ్వనో ఒక ప్రశ్న అడగండి చాలు: "నువ్వు యాడ పని చేస్తివి?"

గద్వాలకు రావాలనుకుంటే చెప్పండి, ఉగ్గాని నా ఖర్చు. చీర మాత్రం మీరే కొనుక్కోవాలి. ధర ఎక్కువనిపిస్తే మగ్గం దగ్గర ఒక గంట కూర్చోండి, తర్వాత బేరమాడుదురు.